జాన్ వేన్ తొలినాటి చవక కౌబాయ్ చిత్రాలు: రాబర్ట్ ఎన్. బ్రాడ్‌బరీ సినిమాల్లో ముందుగా ఏది చూడాలి?

యూట్యూబ్‌లో జాన్ వేన్ పాత సినిమాల కోసం వెతికితే ఒక్కసారిగా పది పన్నెండు పేర్లు వచ్చి పడతాయి. అన్నీ 1933కూ 1935కూ మధ్య వచ్చినవే, దాదాపు అన్నీ గంట నిడివికి అటూ ఇటూగా ఉండేవే. పోస్టర్లను బట్టి చూసినా, రెండు ముక్కల కథా పరిచయాన్ని బట్టి చూసినా ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియదు. తోచినదాన్ని నొక్కి, అది నచ్చక, మిగిలినవన్నీ ఇంతేనని వదిలేసినవారిని నేను ఎరుగుదును. ఒకప్పుడు నేనూ అదే పొరపాటు చేశాను. ఆ రోజు నా చేతికి చిక్కినది ఆ వరుసలో బలహీనమైన వాటిలో ఒకటని చాలాకాలం తరువాత గానీ తెలియలేదు. వీటిలో ఎంచుకోవలసి వచ్చినప్పుడు హీరో పేరును పక్కన పెట్టి, టైటిల్స్‌లో రచన ఎవరిదో, దర్శకత్వం ఎవరిదో చూడాలని నా అభిప్రాయం. ఆ రెండు చోట్లా రాబర్ట్ ఎన్. బ్రాడ్‌బరీ అన్న ఒకే పేరు కనబడితే ఆ గంట వృథా పోయే అవకాశం తక్కువ. దర్శకత్వం మాత్రమే ఆయనదై కథ మరొకరిదైతే కొంచెం ఆలోచించుకోవాలి.

బ్రాడ్‌బరీ 1886లో వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా పట్టణంలో పుట్టాడు. వోడవిల్ అనే వినోద ప్రదర్శనల రంగస్థలం నుంచి సినిమాల్లోకి వచ్చి, మూకీల కాలంలోనే దర్శకుడయ్యాడు. 1907లో పుట్టిన తన కవల కొడుకులు బాబ్, బిల్ ఇద్దరినీ పెట్టి 1920 దశకం మొదట్లో అడవుల్లో వారి సాహసాలంటూ చిన్న చిత్రాల వరుస ఒకటి తీశాడు. ఆ బాబ్ తరువాతి రోజుల్లో బాబ్ స్టీల్ అన్న పేరుతో కౌబాయ్ హీరోగా స్థిరపడ్డాడు. కాలిఫోర్నియాలోని గ్లెండేల్ ఉన్నత పాఠశాలలో అతనితో కలిసి చదువుకున్న కుర్రవాడే జాన్ వేన్. 1930లో వేన్ కథానాయకుడిగా భారీ ఖర్చుతో వచ్చిన చిత్రం దెబ్బతిని, అతను చిన్న సంస్థల గడప తొక్కవలసి వచ్చినప్పుడు, అక్కడ అతని చేత అన్నింటికంటె ఎక్కువ సినిమాలు చేయించినది ఈ మిత్రుడి తండ్రే. మోనోగ్రామ్ సంస్థ కోసం లోన్ స్టార్ పేరుతో నిర్మాత పాల్ మాల్వర్న్ తీసిన చిత్రాలు మొత్తం 16 కాగా, వాటిలో 11 చిత్రాలకు బ్రాడ్‌బరీయే దర్శకుడు.

ఈ చిత్రాలను ఏ కొలబద్దతో చూడాలో ముందే తెలిసి ఉండడం మంచిది. ఇవి పెద్ద నగరాల పెద్ద హాళ్ల కోసం తీసినవి కావు. చిన్న ఊళ్లలో, రెండు సినిమాలను ఒకే టిక్కెట్టు మీద చూపే ఆటల్లో, శనివారం మధ్యాహ్నం పిల్లలు నిండిన హాళ్లలో ఆడించడానికి వారం రోజుల్లో చుట్టేసినవి. వేన్‌కు ఒక్కో చిత్రానికి ఇచ్చినది 2,500 డాలర్లని చెబుతారు. నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. లోపలి సెట్లు రెండో మూడో, అవే గోడలు సినిమా తరువాత సినిమాలో కనబడతాయి. గుంపులో నిలబడే మనుషులు కూడా వాళ్లే. కానీ ఆ చిన్న బృందంలో పనిచేసినవారు సామాన్యులు కారు. కెమెరా పట్టిన ఆర్చీ స్టౌట్ తరువాత 1952 నాటి ద క్వయట్ మ్యాన్ ఛాయాగ్రహణానికి ఆస్కార్ పంచుకున్నాడు. గుర్రపు స్వారీలు, దూకుళ్లు చూసుకున్న యాకిమా కనూట్ తరువాత 1959 నాటి బెన్ హర్‌లో రథాల పందెం చిత్రీకరణను నడిపించాడు. ఈ చిత్రాల్లో కనూట్ ఒకవైపు విలన్ అనుచరుడిగా నటిస్తూనే మరోవైపు హీరోకు డూపుగా కూడా పనిచేసేవాడు కనుక, కొన్ని వెంటాడే ఘట్టాల్లో ఆయన తనను తానే తరుముతున్నాడనుకోవచ్చు.

మన ప్రేక్షకులకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. కౌబాయ్ అనగానే మనకు గుర్తుకు వచ్చేది 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన మోసగాళ్లకు మోసగాడు. దానికి వెనుక ఉన్నవి ఇటలీవారు తీసిన వెస్టర్న్‌లు. మాసిన గడ్డం, చుట్ట, తీరిక చూపులు, చెవులు హోరెత్తించే సంగీతం అన్నీ అక్కడివి. బ్రాడ్‌బరీ సినిమాలకు ఆ ధోరణితో సంబంధం లేదు. ఇందులో హీరో నున్నగా గడ్డం గీసుకుంటాడు, చెడ్డవాడిని చూడగానే పోల్చుకోవచ్చు, చివరకు న్యాయమే గెలుస్తుంది. ఆ నిబంధనలకు ఒప్పుకుని కూర్చున్నవారికే ఇవి రుచిస్తాయి.

మొదటి సినిమాగా దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా దృష్టిలో అసలైన పోటీ రెండింటి మధ్యనే ఉంది. 1933 నాటి రైడర్స్ ఆఫ్ డెస్టినీ ఒకటి, 1934 నాటి ద లకీ టెక్సన్ రెండవది. రెండింటికీ రచన, దర్శకత్వం బ్రాడ్‌బరీవే.

రైడర్స్ ఆఫ్ డెస్టినీ లోన్ స్టార్ వరుసకు తొలి చిత్రం. ఒక లోయలో ఉన్న నీటినంతా తన గుప్పిట పెట్టుకున్న పెత్తందారు, పొలాలు ఎండిపోతున్న రైతులు, వారి మధ్యకు మామూలు బాటసారిలా వచ్చే ప్రభుత్వ ఉద్యోగి, కథ ఇంతే. నీటి తగాదా మనకు కొత్త కాదు గనుక ఇందులోని గొడవ తెలుగువారికి వివరించి చెప్పనవసరం లేదు. కానీ ఈ సినిమాను ఎనభై తొంభై ఏళ్ల తరువాత కూడా జనం చెప్పుకుంటున్నది నీటి గొడవ వల్ల కాదు, జాన్ వేన్ ఇందులో పాట పాడినందువల్ల. అతని పాత్ర పేరే పాటల శాండీ. వీధిలో తుపాకీ పోరుకు నడిచి వెళ్తూ, ఎదుటివాడి చావు గురించి ఒక పాటను నింపాదిగా పాడతాడు. ఆ గొంతు అతనిది కాదని మొదటి చరణంలోనే తెలిసిపోతుంది. వేన్ మాటకూ ఆ పాటకూ పొంతన లేదు. దర్శకుడి రెండవ కొడుకు బిల్ ఆ గొంతును అరువిచ్చాడని ఎక్కువమంది అంటారు. నవ్వు రావలసిన సందర్భమే. అయినా ఆ ఘట్టాన్ని ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. ఖాళీ వీధి, అదరని నడక, ఎదురుగా ఎర్ల్ డ్వైర్ పోషించిన కిరాయి తుపాకీవాడు, పాట తప్ప మరో చప్పుడు లేకపోవడం. కాల్పులు జరగక ముందే గుండె కొంచెం బిగుసుకుంటుంది. అంతా అయ్యాక హీరో అతన్ని చంపడు, ఇక తుపాకీ పట్టకుండా రెండు మణికట్లనూ కాల్చి వదిలేస్తాడు. పాడే కౌబాయ్‌లు అమెరికా తెరను ఏలడానికి కొద్దికాలం ముందే బ్రాడ్‌బరీ ఈ ప్రయోగం చేశాడు. అది వేన్‌కు అతకలేదన్నది వేరే సంగతి.

ద లకీ టెక్సన్ దీనికి భిన్నమైనది. ఇందులో భయం తక్కువ, సందడి ఎక్కువ. గుర్రానికి నాడాలు కొట్టబోతే దాని గిట్టలో బంగారం దొరుకుతుంది. అక్కడి నుంచి ఒక పడుచువాడు, ఒక ముసలాయన పొత్తు కలిసి గనిని వెతుక్కుంటూ పోతే, బంగారం కొనే ఇద్దరు మోసగాళ్లు వెంటపడతారు. ముసలాయన వేషం జార్జ్ హేస్‌ది. గ్యాబీ హేస్ అన్న పేరుతో అమెరికా పిల్లలందరికీ తెలిసిపోవడానికి ముందటి రోజులవి. చనిపోయాడని అందరూ అనుకుంటున్న ఈ పెద్దమనిషి, తనను చంపాడన్న నేరం మీద విచారణ జరుగుతున్న కోర్టులోకి ఆడవేషంలో వచ్చి కూర్చోవడం బ్రాడ్‌బరీ రంగస్థలం నుంచి వెంట తెచ్చుకున్న సరుకు. మన సురభి నాటకాలు చూసినవారికి ఆ హాస్యం చప్పున అందుతుంది. ఇక ముగింపు ఘట్టం ఉంది. దొంగలు రైలు పట్టాల మీద చిన్న బండిలో పారిపోతుంటే, వెనుక హీరో గుర్రం మీద, ఆ వెనుక ముసలాయన మోటారు కారులో తరుముతారు. కౌబాయ్ కథలో మోటారు కారేమిటని అడగవద్దు. బ్రాడ్‌బరీ లోకంలో ఏ శతాబ్దపు వస్తువైనా అవసరమైన చోట దొరుకుతుంది. దీనికంటె నాకు ఇష్టమైనది అంతకు ముందు వచ్చే కాలువ ఘట్టం. పారిపోతున్న వాడిని అడ్డగించడానికి హీరో ఒక చెట్టుకొమ్మ మీద ఎక్కి, కొండ వాలున చెక్కతో కట్టిన నీటికాలువలో జారుకుంటూ వస్తాడు. మాయ లేదు, మోసం లేదు, నిజంగానే ఒక మనిషి నీళ్ల మీద జారుతున్నాడు.

ఈ రెండింటిలో ఒకటే చూడగలిగితే, ఇంట్లోవాళ్లతో కలిసి చూసేవారికి ద లకీ టెక్సన్‌నే చెబుతాను. ఒంటరిగా, సినిమా చరిత్ర మీద ఆసక్తితో చూసేవారు రైడర్స్ ఆఫ్ డెస్టినీతో మొదలుపెట్టవచ్చు. రెండూ కలిపినా మన ఒక్క సినిమా అంత నిడివి ఉండదు కాబట్టి ఈ ఎంపిక మీద ఎక్కువ మథనపడనవసరం లేదు.

ఆ తరువాతి మెట్టులో బ్లూ స్టీల్, ద స్టార్ ప్యాకర్ ఉన్నాయి, రెండూ 1934లోవే. దర్శకుడి పనితనం చూడాలనుకునేవారికి బ్లూ స్టీల్ మేలు. సినిమా వానపడే రాత్రి ఒక సత్రంలో మొదలవుతుంది. ఒకరికి తెలియకుండా ఒకరు కాచుకుని ఉన్న ముగ్గురు మనుషులు, ఒక ఇనుపపెట్టె, బయట ఉరుములు. ఎక్కువసేపు మాటలు ఉండవు, సంగీతమూ లేదు. మూకీల కాలంలో చేయి తిరిగిన మనిషి కనుకనే, ధ్వని వచ్చి ఐదారేళ్లయినా, నోరు మెదపకుండా కథ చెప్పగలనన్న ధీమా ఆయనలో కనబడుతుంది. అసలు దొంగ వెళ్లిపోయాక హీరో పెట్టెను పరీక్షిస్తుంటే అది చూసిన షెరీఫ్ అతన్నే అనుమానిస్తాడు. ఆ అనుమానంతోనే వాళ్లిద్దరూ కలిసి ప్రయాణం చేయడం తరువాతి కథకు ఊపునిస్తుంది. రెండవ సగంలో, ఊరి కింద ఉన్న బంగారం కోసం ఊరివాళ్లనే వెళ్లగొట్టాలన్న కుట్ర మామూలుగానే నడుస్తుంది.

ద స్టార్ ప్యాకర్‌లో మర్మం ఎక్కువ. నీడ అన్న మారుపేరుతో ఒక ముఠా నాయకుడు గోడలోని ఇనుపపెట్టె వెనుక నుంచి ఆజ్ఞలు ఇస్తుంటాడు. ఊరి వీధిలో అందరి కళ్లెదుట ఉన్న ఒక చెట్టు మొద్దు లోపల బోలుగా ఉండి, దానిలోంచి హంతకుడు కాలుస్తుంటాడు. చిన్నప్పుడు డిటెక్టివ్ నవలలు నమిలి మింగినవారికి ఇది నచ్చుతుంది. అయితే ఇందులో కనూట్ వేసిన యాక్ అనే మూలవాసి పాత్ర ముక్కముక్కల ఇంగ్లీషు మాట్లాడుతూ హీరో వెంట తిరిగే సహాయకుడిగానే మిగిలిపోతుంది. అదే ఏడాది వచ్చిన ద లాలెస్ ఫ్రాంటియర్‌లో మెక్సికన్‌గా చలామణీ అయ్యే విలన్ పాత్ర కూడా అంతే మోటుగా ఉంటుంది. పిల్లలతో చూసేటప్పుడు ఆ కాలపు చూపులోని లోపాన్ని గురించి ఒక మాట చెప్పవలసి వస్తుంది. లాలెస్ ఫ్రాంటియర్ చివర మాత్రం ఒక మంచి ఆలోచన ఉంది. ఎడారిలో పారిపోతున్న విలన్ దాహంతో విషపు నీటిగుంట దగ్గరకు చేరతాడు, హీరో చేతి తుపాకీకి పని ఉండదు.

ఇప్పుడు కథ ఆయనది కాని వాటి సంగతి. ద మ్యాన్ ఫ్రమ్ యూటా, ద ట్రయల్ బియాండ్, రెయిన్‌బో వ్యాలీ అనే మూడింటికి రచన లిండ్స్‌లీ పార్సన్స్‌ది. మొదటిదానిలో రోడియో అనే కౌబాయ్ విన్యాసాల పోటీల పాత ఫుటేజి ఎంత ఎక్కువగా అతికించారంటే, మధ్యలో కథ ఎక్కడ ఆగిందో మరిచిపోతాము. నేను మొదట చూసి ముఖం తిప్పుకున్నది దీన్నే. రెయిన్‌బో వ్యాలీ కాలక్షేపానికి పరవాలేదు. ద ట్రయల్ బియాండ్ మాత్రం నా సూత్రానికి లొంగని మినహాయింపు. జేమ్స్ ఆలివర్ కర్వుడ్ నవల ఆధారంగా, కెనడా అడవుల కథగా, కాలిఫోర్నియాలోని మ్యామత్ లేక్స్ దగ్గర తీసిన ఈ చిత్రంలో సరస్సులు, పైన్ చెట్లు, పడవలు స్టౌట్ కెమెరాకు పండుగ చేశాయి. నోవా బీరీలు తండ్రీకొడుకులు ఇద్దరూ ఇందులో ఉన్నారు. ఒకచోట హీరో పరుగెత్తే గుర్రం మీద నుంచి బండి మీదికి దూకబోయి గురి తప్పి కింద పడతాడు, లేచి మళ్లీ గుర్రమెక్కి రెండోసారి దూకుతాడు. తప్పిన దూకుడును పారేసి మళ్లీ తీయడానికి బదులు దాన్నే కథలో కలిపేశారు. ఫిల్ము విలువ తెలిసిన చోట అలాగే చేస్తారు.

ఫైట్ల కోసమే చూసేవారికి 1935 నాటి ద డాన్ రైడర్ సరిపోతుంది. గుద్దు నిజంగా తగలకుండానే తగిలినట్టు కనబడేలా కెమెరాను పక్కకు జరిపి పెట్టే పద్ధతిని వేన్, కనూట్, బ్రాడ్‌బరీ కలిసి ఈ చిత్రాల్లోనే సాధన చేశారు. అప్పటిదాకా నటులు ఒకరి భుజాలు ఒకరు గుద్దుకుంటూ తంటాలు పడేవారు. మరో గుర్తు కూడా చెబుతాను. ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణం చూపవలసినప్పుడు బ్రాడ్‌బరీ కెమెరాను ఝుళిపించినట్టు ఒక్కసారిగా పక్కకు తిప్పుతాడు. బొమ్మ గీతలుగా చెదిరి, తేరుకునేసరికి రౌతు మరో కొండ పక్కన ఉంటాడు. టైటిల్స్ చూడకపోయినా ఆ విసురును బట్టి ఇది ఆయన సినిమా అని పోల్చుకోవచ్చు. వెస్ట్ ఆఫ్ ద డివైడ్, టెక్సస్ టెర్రర్ రెండూ ఆయన సొంత రచనలే గానీ, పైవన్నీ చూసి ఇంకా తనివి తీరనివారికే.

వీటిని వరుసగా చూస్తే ఒక సంగతి మనసులో మెదులుతుంది. వెస్ట్ ఆఫ్ ద డివైడ్‌లో హీరో తండ్రిని చంపేస్తారు. డాన్ రైడర్‌లోనూ తండ్రిని చంపేస్తారు. కొడుకు బాబ్ స్టీల్‌తో తీసిన సినిమాల్లో అయితే ఇది దాదాపు ఆనవాయితీ. సొంత కొడుకును హీరోగా నిలబెట్టిన తండ్రి, ఆ హీరో తండ్రిని సినిమా తరువాత సినిమాలో చంపించి, ఆ పగ తీర్చుకునే పనిని కొడుక్కే అప్పగించాడు. దీనికి పెద్ద అర్థాలు లాగవచ్చు గానీ, గంటలో కథ చెప్పవలసినవాడికి ఇంతకంటె త్వరగా అంటుకునే వత్తి మరొకటి దొరకదు.

అందుచేత జాన్ వేన్ దగ్గరే ఆగిపోకూడదని నా సలహా. బాబ్ స్టీల్ పొట్టివాడు, చురుకైనవాడు, గుర్రం మీద వేన్ కంటె తేలికగా కనబడతాడు. వింత కావాలంటే 1932 నాటి హిడెన్ వ్యాలీ చూడండి. లోయలో దాగిన తెగ చేతికి చిక్కినవారిని కాపాడడానికి గుడ్‌ఇయర్ కంపెనీ గాలి ఓడ ఆకాశం నుంచి దిగుతుంది. 1935 నాటి బిగ్ క్యాలిబర్‌లో విలన్ విషవాయువు తయారుచేసే రసాయన నిపుణుడు. అది కౌబాయ్ సినిమాకంటె దయ్యాల సినిమాకు దగ్గరగా ఉంటుంది. అయితే బ్రాడ్‌బరీ మొత్తం పనిలో మనిషి మనసును తాకేది ఏదని అడిగితే, ఈ ఇద్దరు హీరోలూ లేని 1935 నాటి బిట్వీన్ మెన్ పేరు చెబుతాను. కొడుకు చనిపోయాడనుకుని, అందుకు కారకుడైన వాడిని చంపి, పడమటికి పారిపోయిన తండ్రిగా విలియమ్ ఫార్నమ్ నటించాడు. బతికి పెరిగి పెద్దవాడైన కొడుకుగా జానీ మ్యాక్ బ్రౌన్ వేశాడు. తండ్రీకొడుకులు ఒకరినొకరు గుర్తించకుండానే తలపడతారు. బబ్రువాహనుడి కథ తెలిసిన మనకు ఆ పోరు ఎటు దారితీస్తుందోనన్న గుబులు కలగడానికి ఎక్కువసేపు పట్టదు. ఫార్నమ్ మూకీల కాలపు పెద్ద నటుడు. వయసు మళ్లి, వెలుగు తగ్గి చిన్న సంస్థకు వచ్చినా వేషాన్ని తేలికగా తీసుకోలేదు. ఈ చిత్రంలో బ్రాడ్‌బరీ తొందర కూడా కొంచెం తగ్గింది.

1926, 27లలో టెక్సస్‌లోని అలామో కోట పతనం మీద, స్పిరిట్ లేక్ మారణకాండ మీద ఆయన తీసిన చారిత్రక మూకీలను చివరికి ఉంచుకోవచ్చు. 1941లో బక్ జోన్స్, టిమ్ మెకాయ్‌లతో తీసిన ఫర్‌బిడెన్ ట్రయల్స్‌తో ఆయన దర్శకత్వం ముగిసింది. అది శుభ్రంగా తీసిన సినిమాయే, కానీ అందులో ఆయన ముద్ర కంటె ఆ వరుస చిత్రాల మూస ఎక్కువ. 1949లో గ్లెండేల్‌లో ఆయన మరణించాడు.

ఏ సినిమా అన్నది తేల్చుకున్నాక ఏ ప్రింటు అన్నది కూడా తేల్చుకోవాలి. లోన్ స్టార్ చిత్రాలపై అమెరికాలో కాపీరైట్ ఎప్పుడో చెల్లిపోయింది కాబట్టి ఎవరికి తోచినట్టు వారు వాటిని అమ్ముకున్నారు. 1980 దశకంలో కొన్నింటికి సింథసైజర్ సంగీతం అతికించారు, కొన్నింటికి రంగులు అద్దారు, కొన్నింటిని కత్తిరించారు. రంగుల వల్ల స్టౌట్ తీసిన నీడలు పోతాయి. సంగీతం వల్ల ఇంకా పెద్ద నష్టం జరుగుతుంది. బ్లూ స్టీల్‌లోని ఆ వానరాత్రి మీద కీబోర్డు మోగితే ఇక అక్కడ చూడడానికి ఏమీ మిగలదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఒకే సినిమాకు మూడు నాలుగు రకాలు ఉంటాయి కాబట్టి, దేన్నైనా మొదలుపెట్టే ముందు గుర్రాలు పరుగెత్తే చోటికి జరిపి అర నిమిషం వినండి. గిట్టల చప్పుడు, తుపాకీ మోతలు, మధ్యలో పాత ఫిల్ము చిటపటలు మాత్రమే వినబడుతుంటే, వెనక్కి వచ్చి మొదటి నుంచి చూడవచ్చు.